ఎం రేటింగ్ గేమ్‌ని పిల్లలకు అమ్మకూడదని అమెరికాలో చట్టం ఉందా? లేకపోతే కౌంటర్లో ఐడీ ఎందుకు అడుగుతారు?

డల్లాస్ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వాళ్ల పద్నాలుగేళ్ల అబ్బాయి స్టోర్లో ఎం రేటింగ్ (17 దాటినవాళ్లకి అన్న గుర్తు) ఉన్న గేమ్ డిస్క్ కొనబోతే కౌంటర్లో ఐడీ అడిగారు, లేదనేసరికి అమ్మలేదు. వారం తిరక్కుండా అదే గేమ్ ఇంట్లో కన్సోల్లో ఆడుతూ కనిపించాడు, డౌన్‌లోడ్ చేసుకున్నాడట. చట్టమే అయితే రెండోచోట ఎందుకు ఆపలేదు? చట్టం కాకపోతే మొదటిచోట ఎందుకు ఆపారు?

చట్టం కాదండీ. అమెరికాలో ఎం రేటింగ్ గేమ్‌ని మైనర్‌కి అమ్మితే జైలూ లేదు, ప్రభుత్వ జరిమానా లేదు. స్టోర్ వాళ్లు ఆపింది కంపెనీ నియమం ప్రకారం. ఆ నియమం వెనక ఒప్పందాల గొలుసు ఉంది: గేమ్ తయారుచేసే పబ్లిషర్, గేమ్‌లకి వయసు రేటింగ్ ఇచ్చే సంస్థ ఈఎస్‌ఆర్‌బీ, కన్సోల్ కంపెనీలు, పెద్ద స్టోర్లు. ఈ నలుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉంటారు. డౌన్‌లోడ్ దగ్గరికి వచ్చేసరికి కౌంటరూ ఉండదు, ఐడీ అడిగే మనిషీ ఉండడు. అకౌంట్లో రాసిన పుట్టినతేదీయే ఐడీ. మీ అబ్బాయి బహుశా మీ అకౌంట్ మీదో, పుట్టిన సంవత్సరం మార్చి తెరిచిన అకౌంట్ మీదో ఉన్నాడు. దాన్ని సరిచేసే పద్ధతి కింద రాశాను. తొందరగా ఉంటే సగం వదిలేసి అక్కడికే వెళ్లండి.

మనవాళ్లకి ఇది వింతగా అనిపించడానికి కారణం సినిమా సెన్సారు. మన దగ్గర ఎ సర్టిఫికెట్ వెనక 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఉంది. అయినా టికెట్ చింపే మనిషి పిల్లాడి వయసు అడిగిన సందర్భాలు ఎన్ని చూశారో మీకే తెలుసు. అమెరికాలో గేమ్‌ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది: చట్టం లేదు, అమలు ఉంది.

అసలిది ఎలా పుట్టింది

1993 డిసెంబరులో సెనేటర్లు జో లీబర్‌మన్, హెర్బ్ కోల్ గేమ్‌లలో హింస మీద విచారణ పెట్టారు. అప్పటికి ఇంటి కన్సోళ్లలోకి వచ్చిన మోర్టల్ కాంబాట్, నైట్ ట్రాప్ ఆ విచారణకి ముఖ్య ఉదాహరణలు. సెగా కంపెనీకి అప్పటికే సొంత రేటింగ్ మండలి ఉంది, కానీ అందరికీ ఒకే పద్ధతి లేదు. సెనేటర్లు చెప్పింది ఒక్కటే: మీరే ఒక పద్ధతి పెట్టుకోండి, లేదంటే మేం చట్టం తెస్తాం. ఆ భయంతోనే గేమ్ కంపెనీల సంఘం 1994లో ఈఎస్‌ఆర్‌బీని పెట్టింది. కాబట్టి దీన్ని కంపెనీల మంచితనం ఖాతాలో వేయకండి. తలమీద కత్తి వేలాడుతుంటే పుట్టిన క్రమశిక్షణ ఇది.

ఇప్పుడు వాడుతున్న గుర్తులు: ఈ (E) అంటే అందరికీ, ఈ 10+ అంటే పదేళ్లు దాటినవాళ్లకి (ఇది 2005లో చేర్చారు), టీ అంటే 13 దాటినవాళ్లకి, ఎం అంటే 17 దాటినవాళ్లకి, ఏవో (AO) అంటే 18 నిండిన పెద్దవాళ్లకి మాత్రమే. చిన్నపిల్లలకని ఉండే ఈసీ గుర్తుని 2018లో తీసేశారు.

రేటింగ్ ఇచ్చేవాళ్లు గేమ్ ఆడరు. అది లోపం కాదు, లెక్క.

చాలామందికి నచ్చని విషయం ఇదే. డిస్క్‌గా అమ్మే గేమ్‌కి పబ్లిషర్ వివరమైన ప్రశ్నావళి నింపాలి. హింస, రక్తం, శృంగారం, బూతులు, మత్తు పదార్థాలు, జూదం ఎక్కడెక్కడ ఏ మోతాదులో ఉన్నాయో రాయాలి. దానితోపాటు అన్నిటికన్నా తీవ్రమైన సన్నివేశాలు తప్పనిసరిగా ఉండేలా వీడియో పంపాలి. అవసరమైతే డైలాగులు, పాటల సాహిత్యం కూడా ఇవ్వాలి. కనీసం ముగ్గురు శిక్షణ పొందిన రేటర్లు దాన్ని చూసి రేటింగ్ సూచిస్తారు. వాళ్ల పేర్లు బయటపెట్టరు, గేమ్ పరిశ్రమతో వాళ్లకి సంబంధం ఉండకూడదు. ఇచ్చిన రేటింగ్ పబ్లిషర్‌కి నచ్చకపోతే గేమ్ మార్చి మళ్లీ పంపవచ్చు, లేదా అప్పీలు చేసుకోవచ్చు.

మొత్తం ఆడి చూడొచ్చు కదా అంటారు. రేటింగ్‌కి పంపే సమయానికి గేమ్ పూర్తికాదు. పూర్తయినా యాభై, వంద గంటలు పట్టే గేమ్‌లో ఏ దారిన వెళితే ఏ సన్నివేశం వస్తుందో బయటివాడికి తెలియదు, తయారుచేసినవాడికి తెలుస్తుంది. అందుకే బాధ్యత వాడిమీదే పెట్టి, దాస్తే నష్టం భరించలేనంత ఉండేలా చూస్తారు. ఈ వ్యవస్థ అంతా నిలబడింది తనిఖీ మీద కాదు, దాచినవాడికి పడే దెబ్బ మీద. గేమ్ విడుదలయ్యాక ఈఎస్‌ఆర్‌బీ కొన్నిటిని తెచ్చుకుని ఆడి, చెప్పినదానితో పోల్చి చూస్తుంది కూడా.

ఆ దెబ్బ ఎలా ఉంటుంది

మొదటిది, రేటింగ్‌కి ఇచ్చేటప్పుడే పబ్లిషర్ ఒప్పందానికి కట్టుబడతాడు. సంగతి దాచితే ప్రకటనలు ఆపించడం, డబ్బాల మీద కొత్త స్టిక్కర్లు వేయించడం, అవసరమైతే సరుకు వెనక్కి రప్పించడం ఈఎస్‌ఆర్‌బీ చేయగలదు. మరీ దారుణంగా దాచినప్పుడు జరిమానా పది లక్షల డాలర్ల దాకా ఉండవచ్చు. రెండోది, ఆ గుర్తులు రిజిస్టర్ చేసిన ట్రేడ్‌మార్కులు. రేటింగ్ తీసుకోకుండా ఎం అనో టీ అనో డబ్బా మీద అచ్చువేస్తే ట్రేడ్‌మార్క్ చట్టం కింద కోర్టుకి లాగవచ్చు. చట్టం లేదన్నాను కానీ, ఈ పక్కదారిన చట్టం ఉంది.

మూడోది అన్నిటికన్నా బలమైనది. సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ రేటింగ్ లేని డిస్క్ గేమ్‌ని తమ కన్సోల్ మీదికి రానివ్వవు. ఏవో రేటింగ్ వచ్చినవాటికీ తలుపు మూసే ఉంటుంది. పెద్ద స్టోర్లు కూడా ఏవో రేటింగ్ గేమ్‌లు పెట్టవు. అంటే ఏవో అన్న రెండక్షరాలు పడితే ఆ గేమ్ బతుకు దాదాపు అయిపోయినట్టే. ఎక్కడా నిషేధం అని రాసి ఉండదు, పని మాత్రం నిషేధంలాగే జరుగుతుంది.

రెండు సందర్భాలు చూస్తే ఇది అర్థమవుతుంది. గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్‌కి 2004లో ఎం ఇచ్చారు. 2005లో హాట్ కాఫీ పేరుతో ఒక మాడ్ (గేమ్‌ని మార్చడానికి బయటివాళ్లు చేసే ఫైలు) బయటికొచ్చింది. డెవలపర్లు గేమ్‌లోంచి తీసేశామనుకున్న శృంగార సన్నివేశం నిజానికి డిస్క్‌లోనే తాళం వేసినట్టు పడి ఉంది, ఆ తాళాన్ని ఈ మాడ్ తీసింది. హ్యాకర్ల పని అంది కంపెనీ మొదట. కానీ కోడ్ డిస్క్ మీదే ఉందని, ప్లేస్టేషన్ 2లో కూడా చీట్ కోడ్ పరికరంతో తెరుచుకుంటోందని తేలాక ఆ మాట నిలవలేదు. 2005 జులైలో ఈఎస్‌ఆర్‌బీ రేటింగ్‌ని ఏవోకి మార్చింది. పెద్ద స్టోర్లు సరుకు అరలమీంచి దించేశాయి. కంపెనీ ఆ భాగం పూర్తిగా తీసేసిన కొత్త ప్రతులు తెచ్చి మళ్లీ ఎం తెచ్చుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి నియమం: ఆడేవాడికి కనపడకపోయినా సరే, డిస్క్ మీద మిగిలిన ప్రతి సంగతీ చెప్పాలి. గేమ్ తయారుచేసేవాళ్లు దీన్ని గోడమీద రాసి పెట్టుకోవచ్చు. మెనూలోంచి తీసేయడం, ఫైళ్లలోంచి తీసేయడం ఒకటి కాదు.

రెండోది మాన్‌హంట్ 2. 2007 జూన్‌లో దీనికి ఏవో రేటింగ్ వచ్చింది. సోనీ, నింటెండో ఒప్పుకోవు కాబట్టి విడుదల ఆగిపోయింది. హత్యల దృశ్యాలు మసకబార్చి మళ్లీ పంపితే ఎం వచ్చింది, అక్టోబరులో విడుదల చేశారు. ప్రభుత్వం వేలు కూడా పెట్టలేదని గమనించండి.

స్టోర్ కౌంటర్ దగ్గర

ఎం డిస్క్‌కి బార్‌కోడ్ స్కాన్ చేయగానే గల్లాపెట్టె తెరమీద వయసు చూడమని హెచ్చరిక వచ్చేలా పెద్ద స్టోర్లు ఏర్పాటు చేసుకున్నాయి. క్యాషియర్ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా యంత్రమే గుర్తుచేస్తుంది, అసలు కిటుకు అక్కడే ఉంది. 17 నిండనివాళ్ల పక్కన తల్లిదండ్రులుంటే అమ్ముతారు.

ఇది నిజంగా పనిచేస్తోందా అని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వ్యాపారాల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) చాలా ఏళ్లు పరీక్షించింది. 13 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని పెద్దవాళ్లు లేకుండా కొట్లలోకి పంపి, కొనగలిగారా లేదా లెక్కవేసేవారు. 2000లో 85 శాతం మంది ఎం గేమ్ కొనగలిగారు. 2013లో ప్రకటించిన లెక్కలో అది 13 శాతానికి పడిపోయింది. అదే లెక్కలో ఆర్ రేటింగ్ (17 లోపు వాళ్లు పెద్దవాళ్లతోనే చూడాలన్న గుర్తు) సినిమా టికెట్లు 24 శాతం మందికి, ఆర్ రేటింగ్ డీవీడీలు 30 శాతం మందికి, హెచ్చరిక ముద్ర ఉన్న మ్యూజిక్ సీడీలు 47 శాతం మందికి దొరికాయి. అంటే సినిమా వాళ్లకన్నా, పాటల వాళ్లకన్నా గేమ్‌ల వాళ్లే కౌంటర్ దగ్గర కట్టుదిట్టంగా ఉన్నారు. ఇది కాస్త పాత లెక్కే. ఇంతకీ ఆ తర్వాత పిల్లలు కొట్టుకి వెళ్లి కొనడమే తగ్గిపోయింది.

ఇవన్నీ పెద్ద గొలుసు స్టోర్ల సంగతి. సెకండ్ హ్యాండ్ డిస్కులు, ఆన్‌లైన్లో మనిషికీ మనిషికీ మధ్య అమ్మకాలు, వీధి చివర చిన్న కొట్టు వీటిని ఏ ఒప్పందమూ కట్టిపడేయదు.

మరి చట్టమే ఎందుకు చేయలేదు?

చేశారండీ, నిలవలేదు. మినెసోటా 2006లో చేసిన చట్టమైతే మరీ తమాషా: కొన్న పిల్లాడికే 25 డాలర్ల జరిమానా! కోర్టులు దాన్ని కొట్టేశాయి. ఇల్లినాయి, మిషిగన్, లూసియానా చట్టాలకీ అదే గతి పట్టింది. కాలిఫోర్నియా 2005లో చేసిన చట్టం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హింసాత్మక గేమ్ మైనర్‌కి అమ్మితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా అంది అది. 2011 జూన్ 27న కోర్టు 7-2 తేడాతో కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ స్కాలియా. పుస్తకాలు, సినిమాల్లాగే గేమ్‌లకీ భావప్రకటన హక్కు వర్తిస్తుందని, హింస ఉన్నంత మాత్రాన ప్రభుత్వం అమ్మకాన్ని నియంత్రించలేదని సారాంశం. ఈ రేటింగ్ పద్ధతి ఇప్పటికే బాగా పనిచేస్తోందన్నది కూడా తీర్పులో ఒక ఆధారం. తల మీద కత్తి ఉందని క్రమశిక్షణ పెట్టుకున్నారు, చివరికి ఆ క్రమశిక్షణే కత్తికి అడ్డం పడింది!

అన్ని దేశాల్లో ఇలాగే ఉండదు. బ్రిటన్‌లో 2012 జులై నుంచి పెగీ (యూరప్ గేమ్ రేటింగ్) 12, 16, 18 గుర్తులున్న డిస్కుల్ని అంతకన్నా చిన్నవాళ్లకి అమ్మడం నేరం. పరిశ్రమ పెట్టుకున్న రేటింగ్‌కే అక్కడ చట్టం దన్ను ఇచ్చారు. జర్మనీలో యూఎస్‌కే రేటింగ్‌కీ చట్టబలం ఉంది. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్నవాళ్లు డల్లాస్ జవాబుని తమకి వర్తింపజేసుకోవద్దు.

డౌన్‌లోడ్ దగ్గర ఏం జరుగుతుంది

డిజిటల్‌గా మాత్రమే వచ్చే గేమ్‌లు లెక్కకు మిక్కిలి. ముగ్గురు రేటర్లు కూర్చుని చూడటం సాధ్యం కాదు. అందుకని 2013లో ఐఏఆర్‌సీ అని ఉమ్మడి పద్ధతి పెట్టారు. డెవలపర్ ఒకే ప్రశ్నావళి నింపితే అమెరికాకి ఈఎస్‌ఆర్‌బీ, యూరప్‌కి పెగీ, జర్మనీకి యూఎస్‌కే ఇలా అన్ని చోట్లకీ అక్కడి లెక్కల ప్రకారం రేటింగ్ అప్పటికప్పుడు యంత్రమే ఇచ్చేస్తుంది. డెవలపర్‌కి ఖర్చు లేదు. గూగుల్ ప్లే, మైక్రోసాఫ్ట్, నింటెండో, ప్లేస్టేషన్, ఎపిక్ స్టోర్లు దీన్ని వాడతాయి. యాపిల్‌ది సొంత పద్ధతి. స్టీమ్‌లో ఈఎస్‌ఆర్‌బీ రేటింగ్ తప్పనిసరి కాదు. కొన్ని గేమ్‌ల పేజీ తెరిస్తే పుట్టినతేదీ అడుగుతుంది, ఏది ఇస్తే అదే నమ్ముతుంది.

ఇక్కడ తప్పులు ఎక్కువ, ఎందుకంటే ముందు చూసే మనిషి లేడు. ఫిర్యాదులు వచ్చినవి, బాగా ప్రచారంలో ఉన్నవి తర్వాత చూసి సరిచేస్తారు. స్టోర్ మీద రేటింగ్ వెంటనే మారిపోతుంది. డిస్క్ గేమ్‌లో వడపోత ముందు, ఇందులో వడపోత తర్వాత.

హైదరాబాద్, విశాఖల్లో గేమ్‌లు చేసేవాళ్లకి ఒక మాట. గూగుల్ ప్లేలో యాప్ పెట్టడానికి డెవలపర్లు వాడే ప్లే కన్సోల్ సైట్లో యాప్ కంటెంట్ కింద కంటెంట్ రేటింగ్ ప్రశ్నావళి ఉంటుంది. అది నింపకపోతే యాప్ రేటింగ్ లేనిదిగా మిగిలి స్టోర్లోంచి పోవచ్చు. అబద్ధం చెబితే తీసేస్తారు. జనం ఎక్కువగా తప్పుచేసేది మొదటిసారి కాదు, అప్‌డేట్ అప్పుడు: కొత్తగా చాట్ పెడతారు, తెరిస్తే ఏమొస్తుందో అదృష్టం మీద ఆధారపడే లూట్ బాక్స్ (బహుమతి పెట్టె) పెడతారు, ప్రశ్నావళి మాత్రం పాతదే ఉంచుతారు. జవాబు మారే అప్‌డేట్ ఏదైనా మళ్లీ నింపాలి. వచ్చిన సర్టిఫికెట్ నంబరు దాచుకోండి, ఐఏఆర్‌సీ వాడే ఇంకో స్టోర్లో అదే ఇస్తే సరిపోతుంది.

ఇక మీ ఇంట్లో చేయాల్సింది

పాత అకౌంట్‌ని సరిచేద్దామని కుస్తీ పట్టకండి. అబ్బాయికి అసలు పుట్టినతేదీతో కొత్త పిల్లల అకౌంట్ తెరిచి, మీ అకౌంట్ కింద కుటుంబ సభ్యుడిగా చేర్చండి. ఇది ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ రెండిటికీ వర్తిస్తుంది. వయసు పరిమితి అకౌంట్‌ని బట్టి పనిచేస్తుంది, అబ్బాయి నాన్న అకౌంట్‌లోకి వెళితే అతను కన్సోల్ లెక్కలో నలభై ఐదేళ్ల మనిషి. మీ అకౌంట్‌కి పాస్‌కోడ్ పెట్టండి.

ప్లేస్టేషన్‌లో పిల్లలు తప్పించుకునే దారి ఇంకొకటి ఉంది. కన్సోల్లోనే కొత్త యూజర్‌ని సృష్టించి, నచ్చిన సంవత్సరం రాసుకుంటారు. పేరెంటల్ కంట్రోల్స్‌లో కన్సోల్ నిబంధనల కింద కొత్త యూజర్ సృష్టి, గెస్ట్ లాగిన్ అనేవాటిని ఆపేయండి. ఆ నిబంధనల పాస్‌కోడ్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు 0000. మార్చకపోతే పెట్టినా పెట్టనట్టే, పిల్లలందరికీ తెలుసు. పిల్లల అకౌంట్‌కి నెలవారీ ఖర్చు పరిమితి మొదట సున్నాగానే ఉంటుంది, అలాగే ఉంచి అడిగినప్పుడు పెంచండి. వయసు పరిమితి పెట్టాక డిస్క్ వేసినా ఎం గేమ్ తెరుచుకోదు. ఏదో ఒక గేమ్‌కి మీరు సరే అనుకుంటే దాన్నొక్కదాన్నీ అనుమతించే వీలుంది, మొత్తం పరిమితి ఎత్తేయకండి.

నింటెండో స్విచ్ తీరు వేరు. అక్కడ పరిమితి మొత్తం యంత్రానికి పడుతుంది, ఎవరి పేరుతో ఆడినా అదే. పెద్దవాళ్లు ఆడాలంటే పిన్ కొట్టాలి. కొనుగోళ్ల అదుపు మాత్రం యంత్రంలో కాదు, నింటెండో అకౌంట్‌లో కుటుంబ గ్రూపు కింద పెట్టాలి. రెండూ ఒకటే అనుకుని ఒకటి వదిలేసేవాళ్లే ఎక్కువ.

రేటింగ్ అక్షరం ఒక్కటే చూడకండి. డబ్బా వెనక ఎందుకు ఆ రేటింగ్ వచ్చిందో కారణాలు ఉంటాయి: రక్తం, తీవ్రమైన హింస, బూతులు, ఉత్తుత్తి జూదం వగైరా. ఈఎస్‌ఆర్‌బీ వెబ్‌సైట్లో గేమ్ పేరు కొడితే చాలా గేమ్‌లకి ఏ సన్నివేశంలో ఏముందో ఒక పేరా వివరణ కూడా దొరుకుతుంది. బూతుల వల్ల ఎం వచ్చిన గేమ్, నరుకుళ్ల వల్ల ఎం వచ్చిన గేమ్ ఒకటి కావు. మీ ఇంట్లో ఏది పరవాలేదో మీరే తేల్చుకోవాలి. ఆన్‌లైన్లో ఎవరో తెలియనివాళ్లు మైక్‌లో ఏమంటారో, మాడ్‌లలో ఏముంటుందో ఏ రేటింగూ లెక్కవేయదు. అందరికీ అన్న ఈ (E) రేటింగ్ ఉన్న గేమ్‌లో కూడా చాట్ విడిగా మూయాల్సిందే.

ఇండియాలో ఉన్న చుట్టాలు ఇదే అడిగితే: అక్కడ మామూలు గేమ్‌లకి చట్టబద్ధమైన వయసు రేటింగ్ లేదు. డిస్కుల మీద చాలావరకు పెగీ గుర్తులే ఉంటాయి, ప్లే స్టోర్లో 3+, 7+, 12+, 16+, 18+ అని ఐఏఆర్‌సీ ఉమ్మడి గుర్తులు కనిపిస్తాయి. 2023లో ఐటీ నియమాలు సవరించి ఆన్‌లైన్ గేమ్‌లకి స్వీయ నియంత్రణ సంస్థలు ఉండాలన్నారు, ఒక్కటీ ఆమోదం పొందలేదు. 2025లో వచ్చిన చట్టం ముఖ్యంగా డబ్బు పెట్టి ఆడే గేమ్‌ల మీద. ఫోన్లో అయితే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ కింద పేరెంటల్ కంట్రోల్స్ తెరిచి, పిన్ పెట్టి వయసు ఎంచుకోవాలి. అప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉన్న గేమ్‌లని అది తాకదు, వాటిని చేత్తో తీసేయాలి.